పెద్దమ్మ చెల్లని ఓటు

మా పెద్దమ్మ పోయిందని నంద్యాల నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. ఏడుపొచ్చింది. ఆ వెంటే నవ్వూ వచ్చింది. చేతిలో బెండకాయ పెట్టుకుని ఆమెను తలుచుకుంటే నవ్వకుండా ఉండటం మా ఇంట్లో ఎవరి తరమూ కాదు.

పెద్దమ్మ ఆళ్ళగడ్డ దగ్గర మా పల్లెలో టీచరు. ఊరి చివర మా పేట జనమంతా టీచరమ్మ అనేవాళ్ళు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని, ఎవరు పాట తప్పినా వెనక్కి తిరిగి చూసేది. ఆమె చేతికి ఏ కాగితం చిక్కినా చదివి, తప్పులు దిద్ది, కింద సంతకం గీకేది. ఇంటికొచ్చిన పెళ్ళిపత్రికలకు కూడా అదే గతి.

ఎలక్షన్లు వచ్చాయంటే ఆమెను పట్టడం కష్టం. డెబ్బైల్లో ఓటంటే కాగితం మీద గుర్తు పక్కన రబ్బరు ముద్ర. మా పేటలో కొందరు ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక అన్ని గుర్తులకూ తలా ఒక ముద్ర కొట్టి వచ్చేవాళ్ళు. ఆ ఓట్లు చెల్లవని పెద్దమ్మ తల పట్టుకునేది. ఎందుకు వేస్తున్నారో తెలియకుండా వేసేవాళ్ళంటే ఆమెకు ఇంకా ఒళ్ళుమంట. ఒకసారి మా వీధి అవ్వను నిలదీసింది, నువ్వు ఓటేసే మనిషి గెలిస్తే ఏం చేస్తాడని.

“ఏమోమ్మా. జీపులోంచి దిగి దండం పెట్టినాడు. మంచోడే.”

“దండం పెడితే నీళ్ళొస్తాయా అవ్వా?”

నీళ్ళే మా పేటకు పెద్ద బాధ. తాగే నీళ్ళకు ఆడవాళ్ళు మైలు దూరం చేలబావికి పోవాలి. ఎనభైల మొదట్లో సర్పంచి ఎన్నికలు వచ్చి ఇద్దరు నిలబడ్డారు. నిచ్చెన గుర్తాయన పేటకు కొళాయి వేయిస్తానని మాటిచ్చాడు. గొడుగు గుర్తాయన మాటివ్వలేదు, లడ్డూలిచ్చాడు. పెద్దమ్మ వారం రోజులు సాయంత్రాలు ఆడవాళ్ళను బడి అరుగు మీద కూర్చోబెట్టింది. బెండకాయ అడ్డంగా కోసి, నీలిమందులో ముంచి, పాత నోటుబుక్కు కాగితాల మీద ముద్రలు కొట్టించింది. ఒక్క గుర్తు, ఒక్క ముద్ర. తప్పు చేసినవాళ్ళను బెంచీ ఎక్కించడం ఒక్కటే తక్కువ. ఎవరికి వేయాలో మాత్రం నోరు జారలేదు. “ఎవరికైనా వేసుకోండి, ఎందుకేస్తాండారో నాకు చెప్పి పోండి,” అనేది.

లెక్కింపులో ఇద్దరికీ ఓట్లు సమానంగా వచ్చాయి. చీటీ తీస్తే గొడుగు గెలిచింది. ఊరు మొత్తానికి చెల్లని ఓటు ఒక్కటేనని ఏజెంటు వచ్చి చెప్పాడు. ముద్ర నిచ్చెన మీదే బ్రహ్మాండంగా ఉందట, కానీ కింద ఎవరో పెన్నుతో ఏదో గీకారట.

పెద్దమ్మ అరుగు మీద కూలబడింది. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అలా ఉండగలిగితే ఆమె మా పెద్దమ్మ ఎందుకవుతుంది! మర్నాడు పొద్దున బిందెలతో బావికి పోతున్న ఆడవాళ్ళను ఆపింది.

“ఆ చెల్లని ఓటు నాదే. ముద్ర కొట్టినాక అలవాటుగా సంతకం పెట్టినా. మీ కొళాయి నా చేతులారా పోగొట్టినా.”

ముందు అవ్వే బిందె దించింది.

“పోనీలే టీచరమ్మా. మేం చదువు రాక తప్పు చేస్తాంటిమి. నువ్వు చదువొచ్చి చేసినావు.”

అందరూ పగలబడి నవ్వారు. పెద్దమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఆ రోజు నుంచి ఆమె కూడా బిందె పట్టింది. గంజి పెట్టిన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, బడికి పోయేముందు వాళ్ళతో పాటే బావికి నడిచేది. మేం మోస్తామంటే కసిరేది. సర్పంచికి నెలకో అర్జీ రాసేది. వాటి కింద సంతకం మాత్రం దర్జాగా పెట్టేది. ఆమె కనబడితే ఆ మహానుభావుడు సందు మార్చేవాడు. ఓటర్ల మీద చిరాకు ఆమెకు చివరిదాకా పోలేదు కానీ, అరిచేముందు ఒక్క క్షణం ఆగడం నేర్చుకుంది. నాకొచ్చిన కాస్త ఓపిక ఆ క్షణం నుంచి అబ్బిందే. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

మూడేళ్ళకు సర్పంచి విసిగి కొళాయి వేయించాడు. నీళ్ళు వదిలిన పొద్దున, ముందు బిందె టీచరమ్మదేనని ఆడవాళ్ళు పట్టుబట్టారు. ఆమె తన బిందె తీసుకుపోయి వరస చివర పెట్టింది. వాళ్ళు తెచ్చి మళ్ళీ ముందు పెట్టారు. ఆమె మళ్ళీ వెనక్కి పట్టుకుపోయింది. ఎవరూ తగ్గలేదు. ఆ గొడవలో కొళాయి కట్టేయాలని ఒక్కరికీ తోచలేదు. నీళ్ళు మట్టిలోకి పారి, అరుస్తున్న పెద్దమ్మ పాదాలనూ మా అందరి పాదాలనూ తడిపేస్తున్నాయి.