జిప్పు కవర్లో రక్తపిశాచి

ముందే చెప్పేస్తున్నాను, నాకు దెయ్యాలంటే భయం లేదు. రక్తపిశాచులంటే అసలే లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబులో పదకొండేళ్ళుగా కౌంటర్లో కూర్చుంటున్నాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కళ్ళ ముందు రక్తమే. నాకు భయమల్లా మనుషులంటే. వాళ్ళేమనుకుంటారో అని. మొన్న వానాకాలంలో ఒక శనివారం ఆ భయం నన్ను చల్లపల్లి దాకా పరిగెత్తించింది.

నేను చదివేవి రక్తపిశాచుల ప్రేమకథలు. ఇంగ్లీషువి, లావుపాటివి, ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్లో దొరుకుతాయి. అట్ట మీద పాలిపోయిన మొహంతో ఒక అందగాడు, జుట్టు విరబోసుకున్న పిల్ల, వెనకాల ఇంత చందమామ. కొట్టతను ఆ బొమ్మ కనపడకుండా పుస్తకాన్ని బోర్లించి ఇస్తాడు, పాపం మర్యాదస్తుడు. కథ ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. అతనికి మూడొందల ఏళ్ళు, చూడ్డానికి ముప్పై దాటవు. అద్దంలో కనపడడు. ఎండ తగిలితే బూడిదైపోతాడు. వెల్లుల్లి గిట్టదు, శిలువ చూస్తే వెనక్కి తగ్గుతాడు, లోపలివాళ్ళు పిలవందే గడప దాటలేడు. ఆ లెక్కన మా ఇంటికి జన్మలో రాలేడు. గదికో శిలువ ఉంది, ఆవకాయ జాడీ నిండా వెల్లుల్లి ఉంది. అయినా నేను చదువుతుంటే మాత్రం ఆ ఇంగ్లీషువాడు నాతో కృష్ణా జిల్లా తెలుగులోనే మాట్లాడతాడు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడితే తలెత్తి చూసి, "ఏమైంది, అలా ఉన్నావేం?" అంటాడు. ఆ ఒక్క మాట కోసం నాలుగొందల పేజీలు చదువుతాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకంత హాయి ఇంకెందులోనూ లేదు. మూడొందల ఏళ్ళు ఒక మనిషి ఇంకో మనిషి కోసం ఎదురు చూడటమేమిటండీ. మా ఆయన మంచివాడే, ఆటోనగర్లో మోటార్లు చుట్టే షాపు ఆయనది. కానీ నేను ఏదైనా మర్చిపోయి ఇంట్లోకి వెనక్కెళ్తే, బండి మీద రెండు నిమిషాలు ఆగలేక నాలుగుసార్లు హారన్ కొడతాడు.

చిక్కేమిటంటే నేను సండేస్కూలు టీచర్ని. పటమటలో మా చర్చికి వచ్చే ముప్పై మంది పిల్లలకి పాటలు నేర్పేది, కథలు చెప్పేది, దెయ్యాల బొమ్మలు చూడకూడదని బెదిరించేది నేనే. ఒకసారి ఒక పిల్ల పెన్సిల్ బాక్సు మీద కోరలున్న బొమ్మ స్టిక్కరు కనపడితే గోటితో గీకి మరీ పీకేశాను. ఆ పిల్ల ఏడ్చింది. నేను ఇంటికొచ్చి ఆ కోరలవాడి కథే చదువుకున్నాను. మాకు పిల్లల్లేరు. ఆదివారం ఆ గంటన్నరసేపు ముప్పై మందీ "టీచర్, టీచర్" అంటూ మీద పడుతుంటారు. అందుకని ఆ ఉద్యోగం నాకు జీతమొచ్చే ఉద్యోగం కంటే ఎక్కువ.

ఇంట్లో చదువుకునేందుకు వీలు చిక్కేది తెల్లారుజామున నాలుగింటికి. వంటింట్లో లైటేసుకుని కూర్చుంటాను. మొదట్లో ఒకరోజు మా అత్తగారు లేచొచ్చి, "ఈ వేళప్పుడు ఏం చేస్తున్నావమ్మా?" అంటే, "ప్రార్థనండీ" అనేశాను. కంగారులో నోటికొచ్చిన మాట అది. ఆవిడ మా ఆయనకి చెప్పింది, మా ఆయన పాస్టరుగారికి చెప్పాడు, పాస్టరుగారు ఏకంగా ప్రసంగంలోనే చెప్పారు, మన టీచరమ్మ వేకువనే లేచి మీ పిల్లల కోసం ప్రార్థిస్తోంది అని. నేను తల వంచుకుంటే అందరూ వినయమనుకున్నారు. ఇక వెనక్కి తగ్గే దారేదీ? ఆ క్రిస్మస్‌కి స్త్రీల సమాజం వాళ్ళు మా అందరికీ బైబిలు పెట్టుకోవడానికి ఒకే రకం నల్ల జిప్పు కవర్లు పంచారు. నా బైబిలు పాత కవర్లోనే ఉండిపోయింది. కొత్త కవర్లో రక్తపిశాచి చేరాడు. సైజు కూడా కుట్టించినట్టు సరిపోయింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఉపవాస ప్రార్థనకి టైమైపోయిందని ల్యాబు నుంచి ఇంటికొచ్చి, చేతికి దొరికిన కవరు పట్టుకుని పరిగెత్తాను. ప్రార్థన పెట్టుకున్నవాళ్ళింట్లో చాప మీద కూర్చున్నాక కవరు వంచి చూస్తే వంగలేదు. నా బైబిలు మెత్తన, అది వంగుతుంది. పై ప్రాణాలు పైనే పోయాయి. సరిగ్గా అప్పుడే పెద్దమ్మగారు, "అమ్మాయ్, కీర్తన నువ్వు చదువు" అన్నారు.

పెద్దమ్మగారని సంఘమంతా పిలిచే ఆవిడ డెబ్భై దాటిన మనిషి. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూస్తే పాస్టరుగారు కూడా సర్దుకుని కూర్చుంటారు. నేను కవరు ఒళ్ళో మూసిపెట్టుకునే, కళ్ళు మూసుకుని, కీర్తన మొత్తం అప్పజెప్పాను. చిన్నప్పుడు మా అమ్మ వీపు మీద రెండిచ్చి నేర్పించింది ఆవేళ కాపాడింది. అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత ఉప్మా, టీ. తినేముందు కవర్లన్నీ దివాను మీద ఒక్కచోట పెట్టాం. నేను నాదనుకున్నది లాక్కుని, టీ కూడా పూర్తిగా తాగకుండా బయటపడ్డాను.

మర్నాడు నాలుగింటికి లేచాను. ఇంకా అరవై పేజీలే ఉన్నాయి. ఆ పిల్లకి తనవల్ల కీడు జరుగుతుందని అతను మేడ మీద ఒక్కడే నిలబడ్డాడు, తెల్లారితే బూడిదవుదామని. ఆ పిల్ల మెట్లెక్కుతోంది. అక్కడ ఆపాను ముందురోజు. ఆత్రంగా జిప్పు లాగితే లోపల బైబిలు. దాని మీద కళ్ళజోడు, పక్కన చిన్న నోటుబుక్కు. ఆ కళ్ళజోడు ఎవరిదో సంఘంలో చంటిపిల్లకైనా తెలుసు. ఆవేళ, ఇన్నాళ్ళకి, మొదటిసారి నిజంగా వేకువ ప్రార్థన చేశాను.

ఆరున్నరకి ఫోను మోగింది.

"అమ్మాయ్, నా కవరు నీ దగ్గరకొచ్చిందా? నీది నా దగ్గరుంది. జేబులో సండేస్కూలు హాజరు కాగితం ఉంటే మా చెల్లెలు చదివి నీదని చెప్పింది."

"అయ్యో, అవునాండీ," అన్నాను, తేలు కుట్టిన దొంగలాగా.

"నేను నిన్న సాయంత్రమే చల్లపల్లి మా చెల్లెలింటికి వచ్చేశాను. రేపు పొద్దున్నే బయల్దేరి ఆరాధనకి అందుకుంటాను, అప్పుడు మార్చుకుందాంలే." నేను హమ్మయ్య అనుకునేలోపు ఇంకో మాట అన్నారు. "అందులో పుస్తకం చూశాను. కళ్ళజోడు లేక అక్షరాలు కనపళ్ళేదుగానీ ఆ బొమ్మ కనపడింది. రేపు పాస్టరుగారి ముందు పెట్టి మాట్లాడాలి."

సండేస్కూలు పోతుంది, అది ఖాయం. మా అత్తగారు నాలుగింటి లైటు గురించి ఊరంతా చెప్పుకుంది, ఆవిడ మొహం ఎలా చూడను? రేపటి లోపల ఏదో ఒకటి చెయ్యాలి. ల్యాబుకి ఒంట్లో బాగాలేదని చెప్పాను, ఇంట్లో ల్యాబుకని చెప్పాను. ఒక అబద్ధం దాచడానికి ఇంకో రెండు.

బెంజ్ సర్కిల్లో అవనిగడ్డ బస్సెక్కాను. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేశాక కాలు పెట్టే చోటుండట్లేదు. ఉయ్యూరు దాకా కమ్మీ పట్టుకుని నిలబడి, ఏం చెప్పాలో అల్లుకుంటూనే ఉన్నాను. మా చెల్లెలి పుస్తకమండీ. ల్యాబులో ఎవరో మర్చిపోయారండీ. కొట్టతను పొరపాటున సంచిలో వేసేశాడండీ. ఒక్కటీ అతకట్లేదు. ఇంత కంగారులోనూ నడుమ నడుమ మేడ మీది మనిషి గుర్తొస్తాడు, తెల్లారిందో ఏమో అని. ఛీ, ఏం మనిషినే నేను, అనుకున్నాను.

ఉయ్యూరులో సీటు దొరికింది. కవరు ఒళ్ళో పెట్టుకుని జిప్పు తీశాను. ఒకరి నోటుబుక్కు చూడకూడదు. చూశాను. ఆవిడ ఎవరెవరి కోసం ప్రార్థిస్తారో రాసుకున్న పుస్తకం అది. పాస్టరుగారి షుగరు. ఎవరిదో మోకాలి ఆపరేషను. ఎవరి కొడుకుదో తాగుడు. ఒక్కొక్కరికీ ఒక పేజీ, ప్రార్థించిన రోజుకొక నిలువు గీత. మధ్యలో ఒక పేజీ మీద, "సండేస్కూలు టీచరమ్మ. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. కింద నలుపు. వేకువనే లేచి ఒక్కతే ఏడుస్తోంది. ఎవరితోనూ చెప్పుకోదు" అని ఉంది. దాని కింద గీతలు. ఆ పేజీ నిండి, వెనక పేజీ నిండి, మధ్యలో కుట్టిన ఇంకో కాగితం మీదికి పోయాయి. మొదటి గీత పక్కన వేసిన తేదీ చూస్తే రెండేళ్ళు దాటింది.

ముందు నవ్వొచ్చింది. ఆ నలుపు రక్తపిశాచి పుణ్యమే కదా. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, చర్చిలో కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆ మనిషి రెండేళ్ళుగా రోజూ నా కోసం మోకరిస్తున్నారు, లేని ఏడుపు కోసం. దానికంటే ఆవిడ నన్ను నలుగురిలో తిట్టి ఉంటే బాగుండేది.

చల్లపల్లిలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆవిడ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు, చెల్లెలుగారు కింద కూర్చుని గోంగూర వలుస్తున్నారు. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. పిలవకపోతే బాగుండును, ఇటునుంచి ఇటే పోదును అనిపించింది.

"లోపలికి రా. రేపొస్తానన్నాగా, ఇంత దూరం ఎందుకొచ్చావు?"

"కళ్ళజోడు లేక ఇబ్బంది పడతారనండీ."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కిటికీలో న్యూస్‌పేపరు చుట్టిపెట్టిన నా పుస్తకం తీసుకుని, ఆ అట్టని తీరిగ్గా చూశారు. తర్వాత, "ఎవరి దగ్గర లాక్కున్నావు?" అన్నారు. నాకర్థం కాలేదు. "ఆ పెన్సిల్ బాక్సు పిల్ల స్టిక్కరు పీకేశావటగా, వాళ్ళమ్మ చెప్పింది. ఇలాంటివి చదువుతున్నారన్నమాట మన పిల్లలు."

పొద్దుటి నుంచీ నేనల్లిన వాటన్నిటికంటే మంచి అబద్ధం ఆవిడే తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఊఁ" అన్నాను.

ఆవిడ నోటుబుక్కు తీసి, ఖాళీ పేజీ తిప్పి, పెన్ను మూత తీశారు. "ఎవరి పిల్ల? చెప్పు, రాసుకుంటాను. రేపు పాస్టరుగారూ నేనూ వాళ్ళింటికెళ్ళి మాట్లాడతాం."

ఆ పెన్సిల్ బాక్సు పిల్ల పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అది దాచను, వచ్చింది. ఆ పిల్ల స్టిక్కరు పోయి ఏడ్చిన మొహం కూడా దాంతోపాటే వచ్చింది.

"నాదేనండీ," అన్నాను.

"ఏది?"

"పుస్తకం. పిల్లలెవరిదీ కాదు. నాలుగింటికి లేచి నేను చదివేది అదే. ప్రార్థన కాదండీ."

చెల్లెలుగారి చేతులు గోంగూర మీదే ఆగిపోయాయి. పెద్దమ్మగారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. నా కళ్ళనే చూశారు.

"అయితే నువ్వు ఏడవట్లేదా?"

"లేదండీ."

"రెండేళ్ళ నుంచీ?"

"కథలో ఎక్కడైనా ఏడ్చి ఉంటానండీ."

ముందు చెల్లెలుగారు నవ్వారు. పెద్దమ్మగారు నవ్వలేదుగానీ, "ఏముంది ఇందులో అంతగా?" అన్నారు. చెప్పాను. మొదట గొణుగుతూ, తర్వాత తర్వాత నాకే తెలీకుండా చేతులు తిప్పుకుంటూ చెప్పాను. "మూడొందల ఏళ్ళు ఆగాడా?" అన్నారు. ఆగాడండీ అన్నాను. "మరి చచ్చాడా బతికాడా?" అని చెల్లెలుగారు. అరవై పేజీలున్నాయండీ అన్నాను.

"పుస్తకం సంగతి నాకు తెలీదు," అన్నారు పెద్దమ్మగారు. "ప్రార్థన అని చెప్పావు చూడు, అది తప్పు. అది పాస్టరుగారికి నువ్వే చెప్పుకో, మీ అత్తగారికి కూడా. నేను చెప్పను. పిల్లల్ని మాత్రం వదలకు. ఆ పిల్లకి స్టిక్కరు కొనివ్వు."

నా ఉద్యోగం నాకు ఉంది. గుండె మీది బరువు దిగాలి కదా, దిగుతోందనే అనుకున్నాను. ఆవిడ నోటుబుక్కులో వెనక్కి తిప్పి నా పేజీ తీశారు. "ఇక దీంతో పన్లేదుగా," అని, కొట్టెయ్యడానికి పెన్ను ఆనించారు.

"కొట్టెయ్యకండి," అన్నాను. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్న సంగతి ఆ తర్వాత చూసుకున్నాను.

"అదేంటి, బాగానే ఉన్నావుగా?"

"బాగానే ఉన్నానండీ. అయినా ఉంచండి."

ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. ఆసుపత్రిలో ఎంతమందిని అలా చూశారో, నా మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగారు. "ఏమైంది అమ్మాయ్? ఎందుకలా ఉన్నావు?"

రెండు గంటల బస్సులో అన్ని జవాబులు తయారు చేసుకున్నాను, దీనికి లేదు. వరండా మెట్టు మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. చెల్లెలుగారు లేచి నీళ్ళు తెచ్చిచ్చారు.

పెద్దమ్మగారు పెన్ను తీసుకుని కళ్ళు, నలుపు, ఏడుపు అని రాసినవన్నీ వరసగా కొట్టేశారు. సండేస్కూలు టీచరమ్మ అన్న మాట ఒక్కటే మిగిల్చారు. దాని పక్కన ఖాళీ వదిలారు.

"చెప్పాలనిపించినప్పుడు చెప్పు, రాసుకుంటాను," అన్నారు. ఆవేళ్టి గీత నా ముందే గీశారు.