మధ్యవేలు

బొగ్గు రైళ్ల రోజులవి. సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకని బాపట్లలో రైలెక్కాను. ఆడవాళ్ల పెట్టెలో కూర్చుని, ఒళ్లో ఆదితాళం వేసుకుంటూ వర్ణం మెల్లగా పాడుకుంటున్నాను. పక్కనున్నామె వేళ్లు జీడిసొనతో నల్లబడి ఉన్నాయి. వేటపాలెంలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులన్నీ అంతే. మరకలంటుతాయేమోనని నా పట్టు పరికిణీ ఇవతలికి లాక్కున్నాను.

ఆమె అది చూసింది. "కంగారులో మధ్యవేలు ఎగ్గొడుతున్నావు పాపా," అంది. "చిటికెనవేలు, ఉంగరంవేలు లెక్కపెట్టి దెబ్బ వేసేస్తున్నావు. ఇటు చూడు."

తన మోకాలి మీద తాళం వేసి చూపించింది. ఎక్కడ నేర్చుకున్నారని కూడా అడగలేదు నేను. తెనాలి దాకా ఆమె వేస్తూనే ఉంది, నేను పాడుతూనే ఉన్నాను.

సీటొచ్చింది. ఆ తర్వాత ఎంతమంది పిల్లలకో తాళం నేర్పాను. మధ్యవేలు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇప్పటికీ నా చెయ్యి చూసుకుంటాను. ఆ రోజు పరికిణీ లాక్కున్నది ఈ చెయ్యే.