మోచేతి మీద మా ఊరు

హైదరాబాదులో ఉన్న పదేళ్లూ ఎవరు ఊరు అడిగినా "మదురై పక్కన" అనేవాణ్ణి. రాజపాళయం అంటే, అక్కడి వేట కుక్కల గురించి అడుగుతారు, లేదా అదెక్కడుందని అడుగుతారు. రెండూ నాకు విసుగే.

ఊరికి తిరిగొచ్చిన కొత్తలో బండి మీంచి పడి మోచేతికి కట్టు కట్టించుకున్నాను. ఆస్పత్రి నుంచి షేర్ ఆటోలో వస్తూ హైదరాబాదు మిత్రుడితో ఫోనులో మాట్లాడుతుంటే లైను తెగిపోయింది. నా తెలుగు విన్న పక్కసీటు పెద్దావిడ మొహం వెలిగింది.

"మన తెలుగా, తంబీ! యా ఊరు?"

"మదురై పక్కన," అనేశాను అలవాటుగా, రాజపాళయం నడిబజారులో కూర్చుని. ఆటో అంతా నవ్వింది.

ఆవిడ మాత్రం నా కట్టు అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది యాడ నేసినారో తెలుసునా? ఈడనే. ముప్పై ఏండ్లుగా నేను నేసేది ఈ గుడ్డే. మదురై ఆస్పత్రులకి గూడా మన గుడ్డే పోతాది. కట్టినోళ్లకే కట్టను రాలేదు."

ఆటో గతుకుల్లో ఊగుతుండగానే కొస విప్పి, నొప్పి తెలియకుండా మళ్లీ ముడి వేసింది.

అంతలో ఫోను మోగింది. "ఆ మదురై పక్క ఊళ్లో ఇంకెన్నాళ్లుంటావురా?" అన్నాడు మిత్రుడు.

"మా ఊరు రాజపాళయం," అన్నాను గట్టిగా, ఆవిడకీ వినపడేలా. "మదురై మా ఊరి పక్కన ఉంటుంది."