వెర్లిన్ ఎంచిన గొట్టం

వెర్లిన్ టాస్‌ట్రూడ్ కళ్ళు మూసుకున్నాడంటే ఆయన తుపాకుల షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. ముప్ఫై ఏళ్ళుగా అదే మర్యాద. దూరపు గురికి తుపాకీ కట్టించుకోవాలనుకున్నవాళ్ళు మోంటానా రాష్ట్రం నలుమూలల నుంచీ ఆయన దగ్గరికే వస్తారు. తుపాకీకి గొట్టం ఎంచడంలో ఆయన వేళ్ళకి తిరుగులేదని పేరు. పేరు ఇంకా అలాగే ఉంది. వేళ్ళే మొద్దుబారిపోయాయి. ఆ సంగతి భార్య ఆర్లిస్‌కి తప్ప మూడో కంటికి తెలియదు.

గొట్టం ఎంచే పద్ధతి చూడ్డానికి చాలా తేలిక. నూనె రాసిన సీసపు ముద్దని గొట్టంలో పెట్టి, సన్నటి కడ్డీతో ఒక కొస నుంచి మరో కొసకి మెల్లగా తోలాలి. లోపలంతా ఒకే బిగువుంటే సీసం ఒకే తీరున కదులుతుంది. వెంట్రుకవాసి వదులున్నా అక్కడ చటుక్కున జారుతుంది. ఆ జారుడు మూతి దగ్గర గనక ఉంటే ఆ గొట్టం వెయ్యి గజాల పోటీకి దండగ, ఎందుకంటే తూటాని ఆఖరున పట్టుకుని వదిలేది ఆ జానెడు మేరే. కెమెరా దూర్చి చూసేవాళ్ళున్నారు. వాళ్ళకి మెరుపు కనిపిస్తుందిగానీ వదులు కనిపించదు. అది చేతికే తెలియాలి.

కిందటి చలికాలంలో పేగుల్లో క్యాన్సరుకి మందులెక్కించారు. రోగం పోయింది, పోతూ పోతూ వేలికొసల్లో స్పర్శని కూడా మూటగట్టుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. అప్పట్నించీ చొక్కా గుండీలు ఆర్లిస్ పెడుతోంది. పెట్టిన ప్రతిసారీ, జనానికి చెప్పెయ్యమని పోరుతోంది. ఆయన రేపంటాడు. గొట్టాలు ఎంచని వెర్లిన్‌ని ఎవరు పలకరిస్తారు? గడ్డి కోసుకునే యంత్రాలు బాగుచేసుకు బతకాలా? ఈ భయమే ఆయన నోరు కుట్టేసింది.

అలాంటి మనిషి దగ్గరికి మే నెలలో ఒక ఉదయం ట్వైలా పెట్రాక్ రెండు కొత్త గొట్టాలు భుజాన వేసుకుని వచ్చింది. గోధుమ రైతు, అరవైకి దగ్గర పడింది, మాట దురుసు, గురి మాత్రం దారం లాగినట్టు సూటి. పాత గొట్టం కాల్చి కాల్చి అరిగిపోయింది. ఈ రెండింటి కోసం ఏడాది పడిగాపులు పడింది. పోటీ మూడు వారాల్లో ఉంది, అందులో రెండుసార్లు రెండో స్థానంతో ఇంటికొచ్చిన మనిషి. మంచిదాన్ని ఎంచి, పొడవు కత్తిరించి, బిగించి ఇవ్వమంది. కత్తిరించాక మళ్ళీ అతికేది కాదని ఇద్దరికీ తెలుసు. పోనీ వదిలేసి వెళ్తుందా అంటే అదీ లేదు. ఇంట్లో చేసిన రూబార్బ్ పై అనే తీపి వంటకాన్ని బల్ల మీద పెట్టి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

వెర్లిన్ మొదటి గొట్టాన్ని బిగించి కళ్ళు మూసుకున్నాడు. ట్వైలా నోరు కట్టేసుకుంది. కడ్డీ కదిలింది. ఆయనకేమీ తెలియలేదు, చేతికి రెండు జతల ఉన్ని తొడుగులు వేసుకున్నట్టుంది. రెండోదీ అంతే. చెమట మెడ వెనక నుంచి కారింది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికీ ఆయనకీ ఆ క్షణాన తేడా ఏమీ లేదు. ఇప్పుడన్నా చెప్పెయ్యవచ్చు. చెప్పలేదు. కళ్ళు తెరిచి ఎడమ చేతి వైపున్న గొట్టం మీద అరచెయ్యి వేశాడు.

"ఇదే" అన్నాడు.

ట్వైలా ముఖం వెలిగిపోయింది. నీ చేతికి మొక్కాలయ్యా అంది. ఆ మాట ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. గొట్టాన్ని మూతి వైపు పట్టుకుని రంపం దగ్గరికి మోసుకెళ్ళాడు, కొలిచాడు, గీత గీశాడు, బిగించాడు. రంపం తిరగడం మొదలైంది. ఇంకాసేపట్లో ఇనుముకి ఇనుము తగులుతుంది, ఆ తర్వాత నిజం చెప్పినా అబద్ధం చెప్పినా ఒకటే.

"వెర్లిన్, ఆపు" అంది ట్వైలా. "నెత్తురు."

ఆయన గొట్టం వంక చూశాడు. మెరిసే ఉక్కు మీద ఎర్రటి చారికలు. గొట్టం కొసన కత్తిలా నిలబడ్డ అంచు రెండు వేళ్ళని లోతుగా కోసేసింది. నేల మీద కూడా చుక్కలున్నాయి, బల్ల దగ్గర్నించి రంపం దాకా. ఆయన రంపం ఆపాడు. ఒక గుడ్డ తీసుకుని ఏం కాలేదన్నట్టు చుట్టుకోబోయాడు.

ట్వైలా ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. పొలాల్లో పుట్టి పెరిగిన మనిషి, ఇలాంటి కోతలు ఎంత మండుతాయో తెలుసు. ఈయన ఉలిక్కిపడనైనా లేదు.

"నీకు తెలీలేదు కదూ?"

వెర్లిన్ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"ఎప్పట్నించి?"

"చలికాలం నించి."

ఆమె చెయ్యి వదిలేసింది. రంపానికి బిగించి ఉన్న గొట్టం వంకే చూసింది. ఆయన తిట్టినా బాగుండు అనుకున్నాడు.

"ఏడాది కాసుక్కూచున్న గొట్టమయ్యా ఇది" అంది చివరికి. "తెలీదని ఒక్క ముక్క చెప్పుంటే, ఇద్దరం కూచుని ఏడ్చి, ఇంకో దారి చూసుకునేవాళ్ళం. నా కళ్ళెదుట కళ్ళు మూసుకుని నాటకాలాడతావా?"

ఆయన సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ట్వైలా మాత్రం వెళ్ళిపోలేదు. గొట్టాన్ని తనే విప్పి, తుడిచి, బల్ల మీద బిగించి, కొత్త సీసపు ముద్ద అడిగింది. తన చేతికి ఏం తెలుస్తుందో చూస్తానంది. రెండుసార్లు గబగబా నెట్టేసి ఏమీ లేదంది. ఆయన పక్కన నిలబడి మెల్లగా చెప్పాడు.

"నెట్టకు. దూడని తోలేటప్పుడు నెట్టవు కదా, వెనకాలే నడుస్తావు. అలా పో."

మూడోసారి ఆమె వెనకాలే నడిచింది. మూతి ఇంకో బెత్తెడు దూరంలో ఉందనగా సీసం చటుక్కున జారింది, ఆమె చెయ్యి ఆపేసింది. మళ్ళీ వెనక్కి లాగి మళ్ళీ తోలింది. అదే చోట అలాగే జారింది. ఆయన ఎంచిన గొట్టం అది. రెండోది మొదట్నించి చివరిదాకా వెన్నలో కత్తిలా ఒకే తీరుగా నడిచింది.

వెర్లిన్ బకెట్టు మీద కూలబడ్డాడు. ఆమె మంచి గొట్టాన్ని రంపానికి బిగించి, కోతకి వేళ్ళక్కర్లేదనీ కళ్ళుంటే చాలనీ, ఇది ఆయనే కొయ్యాలనీ అంది. ఆయన లేవబోయాడు.

"కూచో" అంది. "ముందు ఇది చెప్పు. చలికాలం తర్వాత ఇంకెవరికి ఎంచిచ్చావు?"

అదే ఆయన భయపడ్డ ప్రశ్న. ముగ్గురి పేర్లు చెప్పాడు. ఆమె గోడకున్న ఫోను తీగతో సహా లాక్కొచ్చి ఒళ్ళో పెట్టింది. గుడ్డ చుట్టిన వేళ్ళతో ఆయన ఒక మీట బదులు ఇంకో మీట నొక్కుతుంటే, తనే నంబరు నొక్కి చేతికిచ్చింది.

మొదటివాడు ఆరిన్ స్కార్, పక్క కౌంటీలో పశువుల డాక్టరు. వెర్లిన్ గొంతు వినగానే ఉప్పొంగిపోయాడు. పోయిన ఆదివారమే ఆ గొట్టంతో పోటీ నెగ్గాడట, తన జన్మలో అలాంటిది చూళ్ళేదట, వెర్లిన్ చేతికి బంగారు కడియం తొడగాలట. వెర్లిన్ ట్వైలా వంక చూశాడు. నిజం చెప్పకుండా ఫోను పెట్టేసినా ఆరిన్‌కి పోయేదేం లేదు. ఆమె కూడా ఆ మాటలు వింటూనే ఉంది.

"ఆరిన్, అది నేను ఎంచలేదు" అన్నాడు. "నా వేళ్ళకి స్పర్శ లేదు. బొమ్మా బొరుసా వేసినట్టు ఇచ్చేశాను."

అవతల ఆరిన్ పడీపడీ నవ్వాడు. నీ ఎకసెక్కాలు ఎప్పటికీ మారవయ్యా అన్నాడు. వెర్లిన్ ఆ నవ్వు ఆగేదాకా కాచుకుని, అదే మాట మళ్ళీ మొదట్నించి చెప్పాడు.