ధర్మవరం బస్సులో నా ఓడ

తొంభైలలో నేను హిందూపురంలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. సముద్రం ఎటు ఉందో తెలియని ఊళ్లో పాతకాలపు తెరచాప ఓడల నమూనాలు చేయడం నా సరదా. ధర్మవరంలో ప్రదర్శన ఉందని, నెలల తరబడి వెదురు పుల్లలు, దారాలతో చేసిన మూడు స్తంభాల ఓడను అమ్మ పసుపు గుడ్డతో కప్పితే, జాగ్రత్తగా పట్టుకుని బస్సెక్కాను.

"దేవుడొస్తాండాడు, జరగండప్పా!" అని పసుపు గుడ్డను చూసి ఎవరో సీటిచ్చారు. నేను కాదనేలోపే కూర్చున్నాను. కూర్చున్నాక కాదనడం బాగుండదనిపించింది.

పెనుకొండ దాటాక గాలికి గుడ్డ ఎగిరిపోయింది. బస్సంతా మెడలు సాచి చూసింది.

"ఇది ఓడ గదప్పా! లగేజీ పైన ఎయ్యి," అన్నాడు కండక్టరు.

పైన వేస్తే ధర్మవరంలో పుల్లల కట్ట దిగుతుంది. ఓడను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను.

పక్కనున్న అవ్వ లేచింది. "ఏమబ్బా, ఓడ ముందొచ్చిందంటే నీళ్లు ఎనకాలే వస్తాండాయని! దీన్ని పగలగొడితే వాన నువ్వు తెస్తావా?"

బస్సులో ఎక్కువమంది రైతులే. కండక్టరు మెల్లగా ముందుకు జరిగాడు. ఆపైన గతుకు వచ్చినప్పుడల్లా నా ఓడకు నాలుగైదు చేతులు అడ్డం పడ్డాయి. ఒక్క దారమైనా తెగకుండా దిగింది.

ఆ ఏడు వానలు అంతంత మాత్రమే. ఓడ చిన్నదైందేమో. ఇప్పుడు పెద్దది చేస్తున్నాను.