బ్రేక్ అని రాసిన చోట

జంషెడ్‌పూర్‌లో ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా కాపురం కద్మాలో. అమ్మానాన్నలు అదే ఊళ్లో ఇంకో పేట, భుయ్యాడీహ్‌లో ఉండేవారు. అమ్మకు చదువు రాదు. షుగరు, బీపీ మాత్రలు కలిపేసుకుని తికమక పడుతోందని ఆమె ఫోనులో నేనే చిన్న ప్రోగ్రామ్ రాసి పెట్టాను. పొద్దున్నే అది నా గొంతుతో ఒక్కో మాత్ర రంగు చెప్పి వేసుకోమంటుంది. వేసుకుంటే ఆకుపచ్చ గుర్తు, వద్దనుకుంటే ఎర్ర గుర్తు నొక్కాలి. జాబితా అయ్యేదాకా వరసగా అడుగుతూ పోవాలి.

మొదటిది షుగరు మాత్ర. ఏమీ తినని రోజు అది వద్దని డాక్టరు చెప్పారు. ఎరుపు నొక్కితే ఆ ఒక్కటీ వదిలి తర్వాతి మాత్రకు వెళ్లాలంటే 'కంటిన్యూ' అని రాయాలి. నేను 'బ్రేక్' అని రాశాను. దాంతో ఎరుపు నొక్కగానే మొత్తం ఆగిపోతుంది, తర్వాతి బీపీ మాత్ర దాకా పోదు. ఆకుపచ్చ నొక్కి చూశాను, అన్నీ సరిగ్గా పలికాయి. ఎరుపు నొక్కి చూడలేదు.

కార్తీకమాసం వచ్చింది. అమ్మ రోజూ పగలంతా ఉపవాసమే. మాత్రల సంగతి అడిగితే, "పోను సెప్పినట్టే సేత్తన్నానే" అనేది.

నెలాఖరున వంటింట్లో పడిపోయింది. ఆసుపత్రిలో బీపీ చూసి, మందులు మానేశారా అని అడిగారు డాక్టరు. కుడి పక్క చచ్చుబడినా అమ్మకు ఇంకా మాట ఉంది.

"మాననేదు బాబూ. ఉపాసం రోజు గోలీలు అక్కర్నేదు కదేటి? పోను ఏటీ సెప్పనేదు. మా అమ్మాయే పెట్టింది."

వరండాలోకి వచ్చి ఆమె ఫోనులో ఎరుపు నొక్కాను. నా గొంతు అక్కడితో ఆగిపోయింది.

నాలుగో రోజు అమ్మ పోయింది. మందులు మానడం వల్లేనని కచ్చితంగా చెప్పలేం అన్నారు డాక్టరు. ఆ మాట పట్టుకుని బతకాలని చూశాను. కుదరలేదు. దినకర్మలు అయ్యాక నాన్నకు అంతా చెప్పేశాను.

"ఒక్క మాట తప్పు రాసినావా?" అన్నాడు.

"ఒక్క మాటే నాన్నా."

"మీ తమ్ముడికి సెప్పకు. ఆడు తట్టుకోనేడు."

నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు తన మాత్రలు పక్కింటావిడ చేత సర్దించుకుంటున్నాడు. నేను చేస్తానంటే, "నీకెందుకు తల్లీ శ్రమ" అంటాడు.