పులుసు కూడా నీళ్లే అనుకున్నాను

ఆ ఉదయం మలంలో రక్తం కనపడగానే ముందురోజు తిన్న బీట్‌రూట్‌ను అనుమానించాను. మర్నాడూ కనపడేసరికి పైల్స్‌ను అనుమానించాను. మా నాన్న కూడా పైల్స్ అనుకుంటూనే పేగు క్యాన్సర్‌తో పోయాడు. ఆ మాట మాత్రం మనసులోకి రానివ్వలేదు.

బోగోలులో చేపల పెట్టెలకు ఐసు అమ్ముతాను. ఐసుతో పాటు కథలు ఉచితం. అందుకే నా భార్య రమణమ్మకు చెబితే, "ఏందయ్యా, ఇది గూడా పడవంత పండుగప్ప చేపను చూశానన్న కథ లాంటిదేనా?" అంది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

నెల్లూరులో డాక్టరమ్మ అంతా విని, "మీ నాన్నగారికి ఉందంటున్నారు. కొలనోస్కోపీ చేసి చూద్దాం" అన్నారు. గొట్టం చివర కెమెరా పెట్టి పేగు లోపల చూస్తారట. కొత్త మిషను పని చేస్తుందో లేదో నా మీద చూస్తున్నారేమోనని నా అనుమానం.

"మీరు వేసుకునే మాత్రలన్నీ చెప్పండి, సొంతంగా ఏదీ ఆపొద్దు. గింజలు, తొక్కలు ఇప్పటినుంచే మానేయండి. ముందురోజు క్లియర్ లిక్విడ్స్ మాత్రమే. పేగు శుభ్రం కావడానికి ఈ పొడి కలిపిన నీళ్లు మొత్తం తాగాలి."

పరీక్ష ముందురోజు వంటింట్లో మామిడికాయ వేసిన చేపల పులుసు ఉంది. రాత్రంతా ఊరిన పులుసును నెల్లూరోడు వదలగలడా? ముక్కలు పక్కకు నెట్టి గ్లాసులోకి వంచుకున్నాను. నీళ్లే కదా! ఆ పొడినీళ్ల మీద మాత్రం నమ్మకం కుదరక సగం పెరట్లో కొబ్బరిచెట్టుకు పోశాను. పాపం, ఆ చెట్టు వారం రోజులు నడుము పట్టుకుని నిలబడింది.

మర్నాడు ఆస్పత్రిలో మత్తు ఇచ్చారు. నొప్పేమీ తెలియలేదు. తేరుకున్నాక డాక్టరమ్మ అడిగారు.

"ఏం తిన్నారు?"

"గాలి తప్ప ఏమీ తినలేదమ్మా."

ఆమె ఫోటో చూపించారు. "మరి ఈ మామిడి తొక్క?"

"నా పులుసే!" అంది రమణమ్మ. "కుండలో పులుసు తగ్గిందేందయ్యా అంటే, పిల్లి మీదకి నెట్టినాడమ్మా!"

డాక్టరమ్మ నవ్వలేదు. "దీని వెనక ఏముందో నేను చెప్పలేను. మళ్లీ చేయాలి."

ఆ తొక్క వెనక నాకు మా నాన్న కనపడ్డాడు.

రెండోసారి రమణమ్మ స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది. "గ్లాసుకొక అబద్ధం చెప్పుకో. గ్లాసు మాత్రం ఖాళీ కావాల." చల్లగా తాగితే వికారం తగ్గింది. బాత్రూమ్‌కు దూరం పోలేదు. చివరికి లేత పసుపు నీళ్లే వచ్చాయి.

ఈసారి పేగులో పాలిప్ అనే చిన్న కండ ఒకటి కనపడితే అక్కడికక్కడే తీసేసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేవరకు ఐసు కొట్టు దగ్గర నా నోట ఒక్క కథ రాలేదు.

"క్యాన్సర్ కాదు. వదిలేస్తే అయ్యేదేమో. మీ నాన్నగారికి ఉంది కాబట్టి మీ తమ్ముడిని కూడా ఒకసారి చూపించుకోమనండి" అన్నారు డాక్టరమ్మ.

నా దగ్గర నిజం దాస్తున్నారని అనుమానం వచ్చి, ఆ రిపోర్టును ఇంకో డాక్టరుకు చూపించాను. ఆయనా అదే చెప్పాడు.

ఇప్పుడు బాగున్నాను. డాక్టరమ్మ చెప్పిన గడువుకు మళ్లీ వెళతాను. తమ్ముడికి సంగతంతా చెబితే, "పండుగప్ప కంటే ఇదే బాగుంది అన్నా" అన్నాడు. ఆ మామిడి తొక్క ఫోటో చేతిలో పెట్టాకే ఆస్పత్రికి కదిలాడు.

పరీక్ష ముందురోజు ఏది తాగాలన్నా గ్లాసు వెనక వేలు పెట్టి చూడండి. వేలు స్పష్టంగా కనపడకపోతే ముట్టుకోవద్దు. కనపడినా, ఎరుపు రంగుదైతే వద్దు, లోపల రక్తంలా కనపడుతుంది. నేను పులుసుతో చూశాను. వేలు కాదు గదా, ఉంగరం కూడా కనపడలేదు.